పాసైన పిల్లవాడికి టీసీ ఇస్తారా?

పొద్దున 11 గంటలకు అక్క ఫోన్ చేసింది. నేను బెంగళూరులో టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సులో నిలబడి ఉన్నాను. "రేయ్, వీనికి టీసీ తీసుకోమంటా ఉండారు రా" అంది. ఆ తర్వాత మాట రాలేదు. స్కూలు గేటు బయట నిలబడి మాట్లాడుతోంది. నా మేనల్లుడు లోపల హెచ్‌ఎం గది ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు రాత్రి 10 దాటింది. నాకింకా కోపం తగ్గలేదు. తగ్గేదాకా ఆగి రాయాలని కూడా లేదు.

వాడు ఫెయిల్ కాలేదు. ముందు అది తెలుసుకోండి. తొమ్మిదో క్లాసు పాసయ్యాడు. లెక్కల్లో 38, సోషల్‌లో 41. మార్కుల కార్డు మీద పాస్ అని రాసి, సంతకం పెట్టి, సీలు వేసి ఇచ్చింది ఈ హెచ్‌ఎమ్మే. మార్చిలో పదో క్లాసుకు అడ్వాన్సు ఫీజు అని 10,000 కట్టించుకున్నారు. మాది కర్ణాటకలో కోలారు జిల్లా శ్రీనివాసపురం వైపు, బావకు ఉన్న ఆధారం మామిడి తోటే. కాయ కోతకు రాకముందే మండీ ఆయన దగ్గర అప్పు తెచ్చి కట్టాడు. వేసవి సెలవుల్లోనే పదో క్లాసు స్పెషల్ క్లాసులు మొదలుపెట్టి 12 రోజులు వీణ్ణి కూర్చోబెట్టారు. ఇప్పుడు పిలిచి, "మీవాడు పదిలో గట్టెక్కడమ్మా, మా రిజల్ట్ పోతుంది. టీసీ తీసుకుని వేరే స్కూల్లో వేయండి, లేదంటే ప్రైవేటుగా పరీక్ష కట్టించండి" అంటున్నారు. పిల్లవాడు వింటూ ఉండగానే అన్నారట.

మా ఊళ్ల నుంచి వచ్చి బెంగళూరులో ఉంటున్నవాళ్లకి ఈ కథ కొత్త కాదు. మీ ఇళ్లల్లో, మీ వీధుల్లో ఒకరికైనా జరిగే ఉంటుంది. తొమ్మిదో క్లాసే ఎందుకో తెలుసా? విద్యాహక్కు చట్టం 8వ తరగతి వరకే. అప్పటిదాకా ఏ పిల్లవాణ్నీ స్కూలు నుంచి వెళ్లగొట్టడానికి వీల్లేదని 2009 చట్టంలో రాసి ఉంది. 2019లో సవరణ చేసి 5, 8 తరగతుల్లో ఆపే వీలు ఇచ్చారు కానీ, వెళ్లగొట్టే వీలు మాత్రం ఇవ్వలేదు. తొమ్మిదిలోకి వచ్చాక ఆ గొడుగు లేదు. అందుకే ఎనిమిదేళ్లు ఫీజు తీసుకుని, తొమ్మిదిలో జల్లెడ పడతారు.

ఇంకో మాట. మా ఊరి బస్టాండు దగ్గర ఈ స్కూలు ఫ్లెక్సీ ఉంది. ఎస్‌ఎస్‌ఎల్‌సీ, అంటే పదో క్లాసు పరీక్షలో 100 శాతం అని పెద్ద అక్షరాలు, కింద పిల్లల ఫోటోలు. మొన్న పండక్కి వెళ్లినప్పుడు దాని కింద నిలబడే టీ తాగాను. అక్కడ టీ కొట్టు ఆయన కూతురు ఆ స్కూల్లోనే చదివింది. తొమ్మిదిలో 84 మంది, పది పరీక్ష రాసింది 61 మంది అని ఆయనే చెప్పాడు. మిగతా 23 మంది ఎక్కడికి పోయారు? ఊళ్లో ఎవరూ అడగరు. వాళ్ల ఫోటోలు ఏ ఫ్లెక్సీ మీదా ఉండవు.

ప్రభుత్వం మీదా నాకు కోపమే. ఏటా ఫలితాలు వస్తూనే జిల్లాలకు ర్యాంకులు ఇస్తారు. ఏ జిల్లా మొదట, ఏ జిల్లా చివర అని టీవీల్లో రోజంతా అదే. 2024లో పరీక్ష హాళ్లలో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ చేశారు, ముందు ఏడు 83.89 ఉన్న పాస్ శాతం 73.40కి పడిపోయింది. అది కూడా గ్రేసు మార్కులు పెంచి ఇచ్చాక! అంటే అంతకుముందు శాతాలు ఎట్లా వచ్చాయో మీకే తెలుసు. పైనుంచి ఆఫీసర్లు ఒత్తిడి పెడతారు, మేనేజ్‌మెంటు హెచ్‌ఎం మీద పడుతుంది, ఆయన మా అక్క మీద పడతాడు. మా అక్క ఎవరి మీద పడాలి?

ఇప్పుడు పాస్ మార్కులు కూడా 35 శాతం నుంచి 33కి దించారు. సబ్జెక్టుకు 30 తగ్గకుండా, మొత్తం 625కి 206 వస్తే పాస్. అందులో ఇంటర్నల్స్ ఎన్నో లెక్క వేయండి. ఫస్ట్ లాంగ్వేజీలో 25, మిగతా ఐదింటిలో 20 చొప్పున 100. మొత్తం 125 మార్కులు స్కూలు చేతిలోనివే. ప్రాజెక్టులు, అసైన్‌మెంట్లు చేయించి ఆ మార్కులు నిజాయితీగా సంపాదించుకునేలా చేసి, మిగిలినవి ఒక ఏడాదిలో నేర్పలేకపోతే వాళ్లు స్కూలు ఎందుకు నడుపుతున్నారు? మొదటి పరీక్షలో పోయినా అదే ఏడాది మళ్లీ రాసుకునే వీలుంది. పిల్లవాడికి ప్రభుత్వం ఒకటికి మించి అవకాశాలు ఇస్తుంది. వీళ్లు ఒక్కటి కూడా ఇవ్వరు.

వాడు మొద్దు అని మాత్రం నా ముందు ఎవరూ అనొద్దు. దసరా సెలవుల్లో నేనూ వాడూ కోలారు వైపు బండి మీద వెళ్తుంటే ఒక చెరువు నిండుగా కనిపించింది. వానల్లేకుండా ఇన్ని నీళ్లు ఎక్కడివిరా అన్నాను. "కేసీ వ్యాలీ నీళ్లు మామా" అని మొదలుపెట్టాడు. బెంగళూరు మురుగునీళ్లు శుద్ధి చేసి పైపుల్లో పంపిస్తారనీ, ముందు లక్ష్మీసాగర చెరువుకు వస్తాయనీ, అది నిండితే కింది చెరువుకు, అది నిండితే దాని కిందిదానికి పారతాయనీ చెప్పాడు. "రెండు దశలే శుద్ధి చేస్తారంట మామా, మూడోది కూడా చెయ్యాలని రైతులు అడుగుతా ఉండారు" అన్నాడు. బండి ఆపి గట్టు మీద పుల్లతో గీసి చూపించాడు. అదే వాణ్ని సోషల్ పరీక్షలో ఇంగ్లీషులో రాయమంటే గైడులోని నాలుగు లైన్లు బట్టీ పట్టి, మూడో లైను మరిచిపోయి వస్తాడు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బళ్లో ఇంగ్లీషు. మార్కులు బాగా పడతాయని ఫస్ట్ లాంగ్వేజీ మాత్రం సంస్కృతం పెట్టించారు. అది కూడా స్కూలు నిర్ణయమే, మా బావను ఎవరూ అడగలేదు. ఏ భాషలోనూ సొంతంగా పది వాక్యాలు రాయించకుండా తొమ్మిదేళ్లు నడిపి, తప్పంతా వాడి తలకు చుడతారా?

ఈ హెచ్‌ఎం నాకు కొత్త కాదు. నేను చదివినప్పుడు మాకు లెక్కల మాస్టారు. అప్పుడూ ఇదే పని. నా పక్కన కూర్చునేవాణ్ని తొమ్మిది అయ్యాక ఇట్లాగే టీసీ ఇచ్చి పంపారు. వాళ్ల నాన్న సంతలో ఉల్లిగడ్డలు అమ్మేవాడు, టీసీ అంటే ఏమిటో కూడా తెలియక వేలిముద్ర వేసి తీసుకెళ్లాడు. వాడు బొమ్మలు ఎంత బాగా వేసేవాడంటే, నా సైన్సు రికార్డులో గుండె బొమ్మ వాడు వేసిందే. ఎర్ర పెన్సిల్, నీలం పెన్సిల్ అరగదీసి, రక్తనాళాలకు ఒక్కోదానికి బాణం గుర్తు పెట్టాడు. దానికి నాకు పదికి పది వచ్చాయి. ఆ రికార్డు ఇంకా మా అమ్మ ట్రంకు పెట్టెలో ఉంది. ఆ ఏడు మా స్కూలు నూరు శాతం. గ్రూపు ఫోటోలో నేనున్నాను, వాడు లేడు. అప్పుడు నేను నోరు తెరవలేదు. పదిహేనేళ్ల పిల్లవాణ్ని, ఏం మాట్లాడగలను అని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు ఆ సాకు లేదు.

అక్కకు గట్టిగా చెప్పాను, ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని. టీసీ అడిగేది తల్లిదండ్రులు, స్కూలు కాదు. మనం అర్జీ రాసి ఇస్తే, మనమే అడిగితే ఇచ్చినట్టు వాళ్లు చూపించుకుంటారు. అందుకే మనచేతే రాయిస్తారు. "సొంత కారణాల వల్ల" అని రాయమన్నారట. ఏం సొంత కారణం? బావ భయపడుతున్నాడు, ఎదురు తిరిగితే ఇంటర్నల్స్‌లో దెబ్బ తీస్తారని. ఆ భయమే వాళ్ల పెట్టుబడి.

సాయంత్రం వాడే ఫోన్ చేశాడు. అక్క పక్కన లేదు కాబోలు, మెల్లగా మాట్లాడాడు. "మామా, టెన్త్ పుస్తకాలకు అట్టలు వేసేసినా. లేబుల్ మీద స్కూలు పేరు రాయాల్నా, వద్దా?" అన్నాడు. రాయమన్నాను.

సోమవారం లీవు పెట్టాను. పొద్దున మొదటి బస్సుకే వెళ్తున్నాను. పాసైన పిల్లవాణ్ని ఏ కారణంతో వద్దంటున్నారో లెటర్‌హెడ్ మీద రాసి సీలు వేసి ఇవ్వమంటాను. ఇవ్వకపోతే అక్కడి నుంచి నేరుగా బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) ఆఫీసుకు. ఆ 23 మందిలో ఎవరి అమ్మానాన్నలైనా ఇది చదువుతుంటే మీరూ రండి. నేను 9 గంటలకు బస్టాండులో, ఆ ఫ్లెక్సీ కిందే ఉంటాను.