రాయే కదా అంటారేంటి?

ఇప్పుడే ఇంటికొచ్చాను, బూట్లు కూడా విప్పలేదు. కడుపు రగిలిపోతోంది.

ఇంగ్లండ్‌లోని నార్త్ యార్క్ మూర్స్‌లో (మూర్ అంటే చెట్లు పెద్దగా లేని ఎత్తైన బీడు నేల) రోడ్డు పక్కన యంగ్ రాల్ఫ్ అని ఓ రాతి సిలువ ఉంది. ఆ నేషనల్ పార్క్ గుర్తే అది. దాని నెత్తిన చిన్న గుంట ఉంటుంది. ఉన్నవాళ్లు అందులో చిల్లర వేసి పోతే, లేని బాటసారి తీసుకునేవాడట. ఈ మాట మా బ్యాచ్‌లో ఒకాయనకి చెప్పానో లేదో, బూటు రాతికి తన్నిపెట్టి పైకి పాకాడు, డబ్బులున్నాయేమో చూడ్డానికి! కాలు జారింది. ఎన్నేళ్లుగా పట్టిందో ఆ బూడిదరంగు పాచి, అరచేయంత మేర లేచిపోయింది. కింద రాయి తోలు ఊడిన మోకాలిలా కనబడింది. "దిగండి అన్నా" అంటే, "రాయే కదమ్మా, ఏమవుతుంది?" అన్నాడు.

ఏమవుతుందా? 1961లో ఇలాగే ఒకడు చిల్లర కోసం ఎక్కితే సిలువ విరిగిపోయింది. 1984లో మళ్లీ విరగ్గొట్టారు. ఇంగ్లండ్‌కి నైరుతిలో ఉన్న మరో మూర్, డార్ట్‌మూర్‌లోని నన్స్ క్రాస్ అనే సిలువ 1240 నాటి హద్దుల రికార్డులో ఉంది, దాన్నీ 1846లో పడగొట్టారు, తర్వాత అతికించి నిలబెట్టారు. 1643లో ఇంగ్లండ్ పార్లమెంటే సిలువలు కూల్చమని ఆర్డినెన్స్ తెచ్చింది. కొన్నింటిని గేటు స్తంభాలుగా పాతుకున్నారు. ఇన్ని దాటుకుని మిగిలాయండీ ఇవి! మూర్ మీద పొగమంచు కమ్మితే పది అడుగుల అవతల ఏముందో తెలీదు. ఫోనూ మ్యాపూ లేని రోజుల్లో అలాంటి చోట మనిషికి దారి చెప్పింది ఈ రాయే.

అక్కడికి దగ్గర్లోనే ఫ్యాట్ బెట్టీ. పొట్టి సిలువ, తెల్ల రంగు వేసి ఉంటుంది. దాని మీద తినేది ఒకటి పెట్టి, ఒకటి తీసుకోవడం ఆనవాయితీ. మావాళ్లు బిస్కెట్లు, చాక్లెట్లు అన్నీ ఊడ్చేశారు. కార్లో రెండు డబ్బాల నిండా పులిహోర ఉంది. ఒక్కరూ ఏమీ పెట్టలేదు! నా బ్యాగ్‌లోని రెండు వేరుశనగ ఉండలు నేనే పెట్టొచ్చాను.

అసలు పోయినేడాది డార్ట్‌మూర్ వెళ్దామంటే ఏమన్నారు వీళ్లు? "రాళ్లు చూడ్డానికి ఆరు గంటల డ్రైవా?" అని అందరి ముందూ నవ్వారు. ఔట్‌లెట్ మాల్‌కైతే ఎంత దూరమైనా సరే. ఆరేళ్లుగా ట్రిప్పులకి బుకింగులు నేను చెయ్యాలి, వంటలు నేను చెయ్యాలి, ఎక్కడికెళ్లాలో మాత్రం వాళ్లు చెబుతారు. ఆ రోజు మింగేసిన మాటలన్నీ ఇవాళ గొంతుదాకా వచ్చాయి.

సిలువ మీద వేలాడుతున్న ఫోటో గ్రూప్‌లో పెట్టాడు. అప్పుడే పదకొండు హార్ట్‌లు. నేను గ్రూప్‌లోంచి బయటికొచ్చేశాను.