రెండో టీవీకి స్ప్లిటర్ వైద్యం

తిరుపతిలో రెండో టీవీ అనగానే చాలామంది టెక్నీషియన్లు చేసేది ఒకటే: డిష్ కేబుల్ కోసి, ఒక కేబుల్‌ను రెండుగా పంచే కేబుల్ టీవీ స్ప్లిటర్ బిగించి వెళ్లిపోతారు. చానెళ్లు పోతాయి. పోకేం చేస్తాయి? ఆ స్ప్లిటర్ సాధారణంగా 5 నుంచి 1000 మెగాహెర్ట్జ్ వరకే. డిష్ నుంచి దిగే సిగ్నల్ 950 నుంచి 2150 దాకా. పైగా రెండు పోలరైజేషన్లూ (తరంగాలు ఊగే రెండు దిశలు) వాడే డిష్‌లో ఏది కావాలో ఎల్‌ఎన్‌బీకి, అంటే డిష్ ముందుండే సిగ్నల్ పట్టే పరికరానికి, సెట్‌టాప్ బాక్సు వోల్టేజీతోనే చెబుతుంది; ఒక బాక్సు 13 వోల్టులు, ఇంకోటి 18 పంపితే ఒకదానికి తెర నల్లబడాల్సిందే.

వేర్వేరు చానెళ్లు కావాలంటే రెండో బాక్సు, రెండు అవుట్‌పుట్ల ట్విన్ ఎల్‌ఎన్‌బీ, మిద్దె మీద నుంచి ఇంకో ఆర్‌జీ-6 డిష్ కేబుల్ తప్పవు. రెండు టీవీల్లో ఒకే చానెల్ చాలంటే బాక్సు నుంచి వచ్చే బొమ్మను రెండింటికీ పంచే హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ సరిపోతుంది. ఆ మాట చెప్పే నాథుడే లేడు!

ఇక కేబుల్ చివర బిగించే కనెక్టర్లు. కేబుల్ లోపల చుట్టూ ఉండే జాలీ తీగలో ఒక్క పోగు మధ్య రాగి తీగకు తగిలినా షార్టే. మిద్దె మీద జాయింటుకు ఉత్త ఇన్సులేషన్ టేపు చుడతారు, నవంబరు వానలకు నీళ్లు దిగి రాగి పచ్చబడుతుంది. గోడలోకి దూరే ముందు కేబుల్‌ను కిందికి వంచి వదిలితే నీళ్లు అక్కడే కారిపోతాయి. జానెడు కేబుల్‌కు కూడా పిసినారితనమా?