లైన్ ఎండింగ్ బాధ్యత ప్రాజెక్టుదే, పిల్లలది కాదు

ఒంగోలు, కావలి, నెల్లూరు ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టుల సీజన్ వస్తే చాలు, ఒకటే మాట: 'నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచింది సార్, సర్వర్‌లోనే నడవట్లేదు.' విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్టును (వరుసగా నడిచే కమాండ్ల ఫైలును) లినక్స్ సర్వర్‌లో పెడితే 'బ్యాడ్ ఇంటర్‌ప్రిటర్, నో సచ్ ఫైల్' అంటుంది. ఆ స్క్రిప్టును నడిపే ప్రోగ్రామ్ బాష్ ఉండాల్సిన చోటే ఉంటుంది. దోషమంతా బాష్ పేరుండే మొదటి లైను చివర కంటికి కనపడని క్యారేజ్ రిటర్న్ అనే గుర్తుది. లినక్స్ దాన్ని కూడా బాష్ పేరులో కలిపి చదివి, ఆ పేరుతో ప్రోగ్రామే లేదంటుంది.

లైను ముగిసిందని చెప్పే గుర్తే లైన్ ఎండింగ్: విండోస్ లైను చివర 13 (క్యారేజ్ రిటర్న్, సీఆర్), 10 (లైన్ ఫీడ్, ఎల్ఎఫ్) అనే రెండు కోడ్‌లు పెడుతుంది, లినక్స్ 10 ఒక్కటే పెడుతుంది. టెలిటైప్ అనే పాత టైపు యంత్రాల కాలం నాటి ఈ తేడా తెలిసిందే. దీన్ని సరిచేసే పని ఎవరిదన్నదే ప్రశ్న.

కోడ్ మార్పుల చరిత్ర దాచే జిట్‌లో, లైన్ ఎండింగ్‌లను తనే మార్చే ఆటోసీఆర్ఎల్ఎఫ్ ఆన్ చేసుకుంటే చాలు, 2018 నుంచి నోట్‌ప్యాడ్ కూడా లినక్స్ ఫైళ్లను సరిగ్గా చూపిస్తోంది కదా అంటారు కొందరు. కానీ ఆటోసీఆర్ఎల్ఎఫ్ ఎవరి మెషిన్‌లో వాళ్లు పెట్టుకునే సెట్టింగ్. టీమ్‌లో ఒక్కరు మరిచిపోయినా ఫైలులో అన్ని లైన్ల చివరలూ మారిపోతాయి. మరిచిపోయిన అమ్మాయి మార్చింది ఒక్క లైనే, పాత కొత్త తేడాలు చూపే డిఫ్‌లో మాత్రం అన్ని లైన్లూ ఎరుపూ ఆకుపచ్చా! అసలు మార్పు ఏదో రివ్యూ చేసేవాళ్లకు దొరకదు, అందులో తప్పుంటే అదీ దాటిపోతుంది. ఆరు నెలల తర్వాత ఏ లైను ఎవరు మార్చారో చెప్పే జిట్ బ్లేమ్ తీస్తే నలుగురి కష్టమూ ఒక్కరి పేరు మీదే కనిపిస్తుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

అందుకే నియమం రిపాజిటరీలోనే, అంటే జిట్ దాచే ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ఉండాలి. ఏ ఫైలును ఎలా చూడాలో జిట్‌కు చెప్పే జిట్ఆట్రిబ్యూట్స్ ఫైలులో టెక్స్ట్ ఆటో అని రాసి, షెల్ స్క్రిప్టులకు ఎల్ఎఫ్, విండోస్ కమాండ్ల బ్యాట్ ఫైళ్లకు సీఆర్ఎల్ఎఫ్ (రెండూ) అని తేల్చేయాలి. పాత ఫైళ్లను రీనార్మలైజ్ చేసి (ఈ నియమానికి తెచ్చి) విడిగా ఒక కమిట్ (చరిత్రలో నమోదు) వేయాలి. ఇక ఎవరు క్లోన్ చేసినా (తమ మెషిన్‌కు నకలు తెచ్చుకున్నా) అదే నియమం వాళ్లతో వెళుతుంది.

అసలు లోటు ఇంకా కింద ఉంది. మన కాలేజీలు ల్యాబ్ రికార్డులు చేతిరాతతో పేజీలకు పేజీలు నింపిస్తాయి, ఫైలులో ఏ బైట్లున్నాయో ఒక్కసారీ తెరిచి చూపించవు. ఫస్టియర్ మొదటి ల్యాబ్‌లోనే హెక్స్‌డంప్ (ఫైలులోని బైట్లను అంకెల్లో చూపే జాబితా) చూపించాలి. ఫైనలియర్ రివ్యూలో రికార్డు బైండింగ్‌కు ఇచ్చే మార్కులు తీసి, రిపాజిటరీ శుభ్రతకు ఇవ్వాలి.