ఎక్స్‌రే చదవడానికి కళ్ళుంటే చాలట!

"కళ్ళు అబద్ధం చెప్పవు, చదువే చెప్పిస్తుంది" అనే అయిదు పాయింట్ల సందేశం ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. పంపినవాళ్ళంతా చదువుకున్నవాళ్ళే, అదీ విచిత్రం.

ఒకటోది: "కన్ను కెమెరా, ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది." కాగితం మీద ఎడమవైపు ఇంటూ గుర్తు, దానికి 8 సెంటీమీటర్ల దూరంలో కుడివైపు చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడికంటితో ఇంటూనే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరికి తెండి. 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయం. అక్కడ నల్లటి కంత కనబడదు, తెల్ల కాగితమే కనబడుతుంది. కంటినరం బయటికి వెళ్ళేచోట కాంతిని పట్టే కణాలే ఉండవు. ఆ తెలుపు మెదడు చుట్టుపక్కల చూసి వేసిన సున్నం.

రెండోది: "ఉదయించే చంద్రుడు దగ్గరగా ఉంటాడు కాబట్టే పెద్దగా ఉంటాడు." నడినెత్తిన ఉన్నప్పటికంటే అప్పుడే దాదాపు 6,000 కిలోమీటర్లు ఎక్కువ దూరం. కాగితం గొట్టంలోంచి చూస్తే ఆ పెద్దరికం పోతుంది.

మూడోది: కుజుడి మీద మనిషి మొహం ఉందట. 1976లో వైకింగ్ 1 అనే అంతరిక్షనౌక తీసిన మసక ఫోటో అది. 2001లో మార్స్ గ్లోబల్ సర్వేయర్ అనే మరో నౌక దగ్గరగా తీస్తే గుట్ట. ముందుకెళ్దాం.

నాలుగోదాని దగ్గర ఓపిక చచ్చింది. "ఛాతీ ఎక్స్‌రేలో నలుపు ఆరోగ్యం, తెలుపు జబ్బు. ట్యూబ్‌లైటుకు పెట్టి మీరే చూసుకోండి, రిపోర్టు దండగ." ఆహా! అయితే అందరికీ ఉన్న పెద్ద జబ్బు గుండే, తెల్లగా అంత మేర కనబడుతుంది మరి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుపోతే ఆ పక్క ఇంకా నల్లబడుతుంది. ఈ సందేశం లెక్కన ఆ మనిషి మరింత ఆరోగ్యవంతుడు! చదవడం వచ్చినవాళ్ళు అక్కడ ఊపిరితిత్తి అంచుగా సన్నటి తెల్లగీత ఉందా, దానికవతల రక్తనాళాల నీడలు ఆగిపోయాయా అని వెతుకుతారు. అదే గీత ఛాతీగోడ దాటి బయటికి సాగితే ఒట్టి చర్మం మడత. కిందిభాగంలో గుండ్రటి మచ్చ చనుమొన నీడ కూడా కావచ్చు. అక్కడ చిన్న లోహపు గుర్తు అంటించి మళ్ళీ తీస్తే తేలిపోతుంది.

ఇక గుండె. ఛాతీ లోపలి వెడల్పులో సగం దాటితే పెద్దదయిందంటారు. ఆ లెక్క పెద్దవాళ్ళను నిలబెట్టి, వీపు వైపు నుంచి కిరణాలు పంపి తీసిన ఫిల్ముకే. మంచం మీద ముందునుంచి తీస్తే గుండె ఫిల్ముకు దూరమై నీడ పెరుగుతుంది. ఊపిరి నిండా పీల్చకపోయినా అంతే. అందుకే మొదట వీపు వైపు పక్కటెముకలు లెక్కపెడతారు, తొమ్మిదో పదో కనబడాలి. గుండె సంగతి ఆ తర్వాత. ఇవేవీ తెలియకుండా ట్యూబ్‌లైటు ఏం చెబుతుంది, కరెంటుందనా?

అయిదోది: "బాగా తెలిసినవాళ్ళకే ఎదురుగా ఉన్నది కనబడదు." ఇది మాత్రం నిజమే, ఒప్పుకుంటున్నాను. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో ఊపిరితిత్తుల సీటీ స్కాన్లలో గొరిల్లా బొమ్మ పెట్టి, గడ్డలు వెతకమన్నారు. బొమ్మ సగటు గడ్డకు 48 రెట్లు. స్కాన్లు చదివే డాక్టర్లు, అంటే రేడియాలజిస్టులు, 24 మందిలో 20 మందికి అది కనబడలేదు. వాళ్ళలో చాలామంది చూపు సరిగ్గా దానిమీదే పడింది కూడా.

అదే స్కాన్లు ఏ శిక్షణా లేని 25 మందికీ చూపించారు. గొరిల్లా వాళ్ళలో ఒక్కరికీ కనబడలేదు. గడ్డలంటారా, రేడియాలజిస్టులు సగానికి పైగా పట్టారు, వీళ్ళు నూటికి 12.