ట్యాంకు నిండేలోపు

మొన్న డిసెంబర్ 21న మా కర్నూలులో ఒక ఫంక్షన్ హాల్లో ధ్యాన కార్యక్రమం పెట్టారు. ఆ తేదీని ప్రపంచ ధ్యాన దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి 2024లో ప్రకటించింది. నేనూ వెళ్లాను. అరగంట కూర్చోబెట్టారు, బాగానే ఉంది. తర్వాత ఏమైనా అడగాలంటే అడగమన్నారు. ముందు వరసలో ఒకామె లేచింది. ముప్పై ఐదేళ్లు ఉంటాయేమో. చేతిలో టిఫిన్ క్యారియర్ పెట్టుకున్న సంచి. "సార్, మూడుసార్లు మొదలుపెట్టి మానేసినాను. కళ్లు మూసుకుంటే ఏవేవో ఆలోచనలు వస్తాయి. ఇంట్లో కూడా కుదరడం లేదు. ఏం చేయాల?" అని అడిగింది.

వేదిక మీద ఉన్న పెద్దమనిషి మైకు తీసుకుని, "నీ కోసం నువ్వు రోజుకు పది నిమిషాలు తీయలేవా అమ్మా? సీరియల్ చూడడానికి టైం ఉంటుంది కదా! నీకు లేనిది టైం కాదు, సంకల్పబలం. ఇరవై ఒక్క రోజులు పట్టుదలగా చెయ్యి, అదే అలవాటైపోతుంది" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆమె కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుని, కార్యక్రమం అయ్యేదాకా తల ఎత్తలేదు.

నాకు ఆ నవ్వు ఇంకా మనసులోంచి పోలేదు. ఆమె అడిగిందే నేనూ చాలాకాలం అడిగిన ప్రశ్న. 2019లో మొదటిసారి ధ్యానానికి కూర్చున్నాను. ఆ తర్వాత ఐదుసార్లు మానేశాను. ఇప్పుడు పద్నాలుగు నెలలుగా రోజూ కూర్చుంటున్నాను. ఈ మధ్యలో నా సంకల్పబలం ఏమీ పెరగలేదు. అప్పుడున్న మనిషినే. మారింది ఇంట్లో కొన్ని ఏర్పాట్లు.

ధ్యానం మీద నాకు కోపం లేదు, ముందే చెబుతున్నాను. ఈ నేలకి అది కొత్త సంగతి కాదు. యాగంటి గుహలు చూసినవాళ్లకు, బనగానపల్లె దగ్గర రవ్వలకొండ ఎక్కినవాళ్లకు తెలుసు, వెనకటివాళ్లు ఒక్కరే కూర్చోవడానికి ఎలాంటి చోట్లు వెతుక్కున్నారో. ఎరువుల కంపెనీలో ఉద్యోగం చేస్తూ సుభాష్ పత్రి గారు 1990లో స్పిరిచువల్ సొసైటీ మొదలుపెట్టింది ఈ కర్నూలులోనే. గురువు, దీక్ష, మంత్రం ఏవీ అక్కర్లేదు, శ్వాస మీద ధ్యాస పెట్టి కూర్చుంటే చాలని మామూలు జనానికి చెప్పడం చిన్న విషయం కాదు. మా వీధిలో కూరగాయలమ్మే అవ్వకు కూడా ఆ మాట తెలుసు.

కానీ అదే మాటతో పాటు మా ఊళ్లో ఇంకో లెక్క కూడా వినిపిస్తుంది. ఎంత వయసుంటే అన్ని నిమిషాలు కూర్చోవాలి అని. బాగా అలవాటైనవాళ్లకు అది మంచి లెక్కే కావచ్చు. నేను మొదలుపెట్టినప్పుడు నాకు నలభై ఏళ్లు. నలభై నిమిషాలు! పొద్దున ఐదున్నరకు కొళాయి నీళ్లు, ఆరుకు వంట, ఏడున్నరకు పిల్లల బాక్సులు, తొమ్మిదికి నేను లెక్కలు రాసే బియ్యం షాపు. ఇందులో నలభై నిమిషాలు ఎక్కడ దూర్చాలి? మొదటి రోజు నాలుగు గంటలకే లేచాను. రెండో రోజు లేచాను. ఐదో రోజు షాపులో తూకం చీటీ ఒకటి రెండుసార్లు రాసి యజమాని చేత మాట పడ్డాను. ఆరో రోజు లేవలేదు. అంతటితో ధ్యానం నావల్ల కాదని తీర్మానించుకున్నాను. ఇలా మానేసిన ప్రతిసారీ ఒక నింద కూడా మూటగట్టుకున్నాను. మొదలుపెట్టకముందు టెన్షన్ ఒక్కటే ఉండేది. తర్వాత టెన్షనూ ఉంది, చేతకానిదాన్ననే బాధా ఉంది.

ఇంకొకటి. ఇది నేను ఎవరికీ పెద్దగా చెప్పలేదు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చినప్పుడు మా ఇల్లు పాతూర్లో, పల్లంలో ఉండేది. మా బాబుకు అప్పుడు రెండేళ్లు. మోకాళ్ల లోతు అనుకున్న నీళ్లు నడుముకు వచ్చేసరికి వాణ్ని భుజాన వేసుకుని పక్కింటి మిద్దె ఎక్కాను. ఆ రాత్రంతా చీకట్లో నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు గట్టిగా వాన పడితే నాకు నిద్ర లేదు. ధ్యానానికి కళ్లు మూసుకుని శ్వాస గమనించమంటే నాకు ముందు వచ్చేది ఆ చీకటే. గుండె దడదడలాడేది. నేర్పించేవాళ్లను అడిగితే "పాత కర్మ బయటికి పోతోంది, ఆపకు" అన్నారు. ఆపకుండా కూర్చున్నాను. రెండు రోజులు అన్నం సహించలేదు.

అది తప్పు సలహా. గట్టిగానే చెబుతున్నాను. పెద్ద భయం చూసి వచ్చినవాళ్లలో కొందరికి కళ్లు మూసుకుని లోపలికి చూసుకోవడం వల్ల ఆందోళన పెరుగుతుంది. ఇది మానసిక వైద్యులు గుర్తించిన విషయమే. అలాంటప్పుడు కళ్లు తెరవాలి. ఎదురుగా ఏదో ఒకటి చూడాలి, నేల మీద పాదాలు ఆనడం గమనించాలి. అప్పటికీ ఆగకపోతే లేచి డాక్టరుకు చూపించుకోవాలి. నేను మొదటి మూడు నెలలు కళ్లు తెరిచే కూర్చున్నాను, పెరట్లో కరివేపాకు చెట్టు చూస్తూ. అదీ ధ్యానమే. కళ్లు మూయనంత మాత్రాన ఏమీ తగ్గిపోలేదు.

ఇక ఆలోచనలు వస్తున్నాయన్న మాట. ఆ హాల్లో ఆమె అదేదో తప్పు చేసినట్టు అడిగింది, వేదిక మీది పెద్దమనిషి తప్పే అన్నట్టు జవాబిచ్చాడు. 2010లో హార్వర్డ్‌లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే ఇద్దరు 2,250 మందికి ఫోన్ల ద్వారా రోజులో ఏదో ఒక సమయంలో "ఇప్పుడు ఏం చేస్తున్నావు, మనసెక్కడుంది" అని అడుగుతూ పోయారు. 46.9 శాతం సార్లు చేస్తున్న పని మీద మనసు లేదు. అంటే మెలకువగా ఉన్న సమయంలో దాదాపు సగం. మనసు అలా తిరుగుతున్నప్పుడు మనిషి సంతోషం కూడా తక్కువగా ఉందని తేలింది. మెలకువగా ఉన్నంతసేపూ సగం బయటే తిరిగే మనసు, కుర్చీలో కూర్చోగానే కదలకుండా ఉంటుందా? ధ్యానంలో ఆలోచన రావడం తప్పు కాదు. షాపు లెక్కల్లోకి పోయానని నాకు తెలిసింది చూడండి, తెలిసి మళ్లీ శ్వాస దగ్గరికి వచ్చాను చూడండి, ఆ రావడమే ధ్యానం. పన్నెండు నిమిషాల్లో నలభైసార్లు పోతే నలభైసార్లు వెనక్కి రావడమే. ఈ ఒక్క ముక్క మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే నేను రెండోసారి మానేసేదాన్ని కాదు.

ఆ ఇరవై ఒక్క రోజుల లెక్క కూడా అంతే. అది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట నుంచి పాకింది. ఆపరేషన్ అయినవాళ్లకు కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం ఇరవై ఒక్క రోజులు పడుతోందని ఆయన గమనించాడు. రోజూ కూర్చునే అలవాటుకీ దానికీ సంబంధం ఏమిటి? నిజంగా కొలిచి చూసింది లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే ఆమె, ఆమెతో పనిచేసినవాళ్లు. 96 మందిని తీసుకుని, రోజూ జరిగే ఏదో ఒక పనికి ఒక కొత్త పనిని ముడిపెట్టమన్నారు. అది అలవాటుగా స్థిరపడడానికి సగటున 66 రోజులు పట్టింది. ఒకరికి 18 రోజుల్లోనే వచ్చేసింది, ఇంకొకరి లెక్క 254 దాకా పోయింది. ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా తేలింది. ఇరవై రెండో రోజు ఇంకా కష్టంగా ఉందని కూలబడే మనిషికి ఈ సంగతి తెలిస్తే ఎంత ధైర్యం!

అయినా అలవాటు చేసుకోవడం మనకు చేతకాదా? కార్తీకం వస్తే మా వీధిలో పది మంది మాల వేసుకుంటారు. నలభై ఒక్క రోజులు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేల పడక, రెండు పూటలా పూజ. మామూలు రోజుల్లో ఏడింటికి కూడా లేవని పిల్లలు నాలుగింటికే లేస్తారు. వాళ్లకు రాత్రికి రాత్రే సంకల్పబలం వచ్చిందా? చుట్టూ ఏం జరుగుతుందో చూడండి. మెడలో మాల ఉంది. ఒంటి మీద నల్లబట్ట ఉంది. తోటి స్వాములు ఉన్నారు. ఇంట్లో గొంతులు తగ్గుతాయి. వంట వేరుగా అవుతుంది. తల్లి కూడా కొడుకును "స్వామీ" అనే పిలుస్తుంది. దీక్ష చేసేది ఒక్కడే, దాన్ని మోసేది ఇల్లంతా. అది నాకు ఎంతో ఇష్టమైన దృశ్యం, తప్పు పట్టడం లేదు. పాతూర్లో అజాన్ వినగానే షట్టరు సగం దించి నమాజుకు పోయే అంగడివాళ్లను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. వాళ్లూ రోజూ పొద్దున లేచి ఈరోజు పోదామా వద్దా అని ఆలోచించరు. పిలుపు వినపడుతుంది, పోతారు.

ఆ హాల్లో లేచి అడిగినామెకు ఏముంది? మాల లేదు, పిలుపు లేదు, పక్కకు జరిగే ఇల్లు లేదు. పది నిమిషాలు తీయలేవా అంటే, ఎవరి దగ్గరినుంచి తీయాలి? ఇంట్లో అమ్మ పూజ చేసుకుంటోంది అంటే ఎవరూ పిలవరు. అమ్మ కళ్లు మూసుకుని ఊరికే కూర్చుంది అంటే సాక్సులు ఎక్కడున్నాయని అడుగుతారు. నేను కూర్చున్న ప్రతిసారీ నాలుగు పిలుపులు వచ్చేవి. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఖాళీగా కూర్చున్న అమ్మ అంటే పని చెప్పదగ్గ అమ్మ అని వాళ్లకు అలవాటు, అంతే.

పద్నాలుగు నెలల కిందట ఒక రాత్రి అన్నాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. పొద్దున మోటారు నడుస్తున్నంతసేపు నన్ను పిలవద్దు అని. మాకు కొళాయి నీళ్లు ముందు సంపులోకి వస్తాయి. సంపు నుంచి మిద్దె మీది ట్యాంకుకు మోటారు వేస్తే నిండడానికి పన్నెండు నిమిషాలు. ఆ పని ఎట్లాగూ రోజూ నాదే. ఇంతకుముందు ఆ పన్నెండు నిమిషాలూ నిలబడి బోకులు తోమేదాన్ని. ఇప్పుడు మోటారు స్విచ్ వేసి, వెనక వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాను. నడుము నిటారుగా, పాదాలు నేల మీద. శ్వాసను లాగను, బిగబట్టను. ముక్కు దగ్గర వచ్చేదీ పోయేదీ చూస్తాను. మొదట్లో ఒకటి నుంచి పది వరకు లెక్క పెట్టుకునేదాన్ని, ఇప్పుడు అది కూడా లేదు. ట్యాంకు నిండితే పై గొట్టంలోంచి నీళ్లు కింద పెట్టిన బకెట్లో పడతాయి. ఆ చప్పుడు వినగానే లేస్తాను. నీళ్ల చప్పుడుకే.

మోటారు రొదలో ధ్యానం ఏమిటని మా ఆడబిడ్డ అడిగింది. నిశ్శబ్దం దొరికేదాకా ఆగి ఉంటే నేను ఇప్పటికీ ఆగే ఉండేదాన్ని. రొద కూడా ఒక పక్కన ఉంటుంది, శ్వాస కూడా ఉంటుంది. పది రోజులకు ఆ చప్పుడే నాకు పిలుపు అయింది. స్విచ్ వేయగానే కాళ్లు వాటంతటవే వరండాకు పోతాయి.

మా ఆయన మొదటి వారం రెండుసార్లు మరిచి పిలిచాడు. తర్వాత గేటు దగ్గర పాలబ్బాయి వస్తే తనే పోయి తీసుకోవడం మొదలుపెట్టాడు. ఆయనకు అది నిమిషం పని. నాకు అది పద్నాలుగు నెలలు. వంటింటి క్యాలెండర్‌లో పాల లెక్క రాసే గడిలోనే కూర్చున్న రోజు ఒక చుక్క పెడతాను. మా అత్తమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు తొమ్మిది రోజులు చుక్కల్లేవు. పదో రోజు పెట్టాను. ఆ తొమ్మిది గడులకు నేను ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు, నాకు నేను కూడా. వేసవిలో నీళ్లు రోజు విడిచి రోజు వస్తే, నీళ్లు రాని రోజు ఫోన్లో అలారం పెట్టుకుని అదే కుర్చీలో కూర్చుంటాను. అలారం రోజులు అంత బాగా కుదరవు, అయినా కూర్చుంటాను.

ఏం మారిందంటే, వాన పడితే ఇప్పుడు నిద్ర పడుతోంది. అన్నిసార్లూ కాదు, ఎక్కువసార్లు. షాపులో ఎవరైనా గట్టిగా మాట్లాడితే జవాబు నోటిదాకా వచ్చి ఒక్క క్షణం ఆగుతోంది. బీపీ మాత్ర మాత్రం మానలేదు, డాక్టరు చెప్పేదాకా మానను. ధ్యానం చేస్తే మాత్రలు అక్కర్లేదని ఎవరో చెబితే మా కాలనీలో ఒక పెద్దాయన షుగర్ మాత్రలు మానేసి కాలి వేలు పోగొట్టుకున్నాడు. మైకు పట్టుకునేవాళ్లు దయచేసి ఆ మాట అనకండి. వినేవాళ్లు మిమ్మల్ని నమ్ముతారు.

ఆ రోజు కార్యక్రమం అయ్యాక గేటు దగ్గర ఆమెను పట్టుకున్నాను. ఇదంతా చెప్పాను. ఆమె ఓపికగా విని, "మాకు మోటారు లేదక్కా, వీధి కొళాయే" అంది. నాకు నోట మాట రాలేదు. మూడు నిమిషాలతో మొదలుపెట్టమని, ఇంట్లో ఒక్కరితోనైనా ముందే చెప్పమని చెప్పి నా నంబరు ఇచ్చాను.

పోయిన ఆదివారం ఫోన్ చేసింది. ఇంట్లో చెబితే వినలేదట. అందుకని పూజ చేసుకుంటున్నానని చెప్పి దేవుడి గూడు ముందు కూర్చుంటోందట. ఆమెను అప్పుడు ఎవరూ పిలవడం లేదు. ఎంతసేపు కూర్చుంటున్నావు, టైం ఎట్లా తెలుస్తోంది అని అడిగాను.

"దీపం కొండెక్కేదాకా అక్కా. నూనె కొంచెమే పోస్తాను, ఎనిమిది నిమిషాలు వస్తాది" అంది.