వాగ్దాన కార్డు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ వాగ్దాన కార్డు గారికి,

వందనాలు. ఒక్కో బైబిలు వచనాన్ని కొత్త సంవత్సరపు వాగ్దానంగా మోస్తూ, ఏటా డిసెంబరు 31 రాత్రి చర్చి ఆరాధనలో పళ్లెం నిండా బోర్లా పడుకుని మా చేతుల కోసం ఎదురుచూసే మీకు, చిత్తూరు నుంచి ఒక సంఘ సభ్యుడు రాసుకుంటున్న లేఖ ఇది. మీ మీద నాకు కోపం లేదు. అర్ధరాత్రి వరుసలో నిలబడి, కళ్లు మూసుకుని మిమ్మల్ని తీసుకున్నవారి ముఖాల్లో కనపడే ఆ కాస్త వెలుగు సామాన్యమైనది కాదు. పక్కవారి కార్డులోకి తొంగిచూసి, వారికి మనకన్నా పెద్ద ఆశీర్వాదం తగిలిందేమోనని బేరీజు వేయడం ఆ తర్వాతి సంగతి.

అయితే తమరు మరీ మితభాషులు. బైబిలులోని యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనాన్ని గులాబీ పువ్వు పక్కన అందంగా అచ్చు వేయించుకుంటారు. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." చదివితే ప్రాణం లేచివస్తుంది. సరిగ్గా దాని పైనున్న పదో వచనానికి మాత్రం ఏ సంవత్సరమూ మీ ఒంటి మీద చోటు దొరకదు. గడువు ఉన్నది అక్కడే: బబులోనుకు డెబ్బై ఏళ్లు గడిచిన తరువాతే చెరలోని వారిని తిరిగి రప్పిస్తానని. ఆ అధ్యాయంలో అధిక భాగం ఒక ఉత్తరం. చెరపట్టబడి బబులోనుకు వెళ్లిన యూదులకు యెరూషలేము నుంచి యిర్మీయా ప్రవక్త రాసి పంపాడు. డెబ్బై ఏళ్లంటే, ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది సొంత ఊరిని మళ్లీ చూడరని లెక్క. వాగ్దానం వాళ్లకు, తిరుగు ప్రయాణం మనవలకు. ఆ ముసలివాళ్ల ఉత్తరాన్ని కత్తిరించి, 'ఈ సంవత్సరం నీకు' అని మా చేతిలో పెడుతున్నారు తమరు.

ఈ పని మీకన్నా ముందే చేసినవాడొకడు ఉన్నాడు. 28వ అధ్యాయంలోని అబద్ధ ప్రవక్త హనన్యా. రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని దేవాలయంలో ప్రకటించి, బబులోను దాస్యానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని లాగి విరిచేశాడు. విన్నవాళ్లకు ఎంత హాయిగా ఉండి ఉంటుందో! యిర్మీయా కూడా మొదట ఆమేన్ అన్నాడు, అలా జరిగితే ఆయనకు మాత్రం చేదా? హనన్యా ఆ ఏడాది ఏడో నెలలోనే చనిపోయాడు. మీరు అతనికన్నా తొందరపరులు. పన్నెండు నెలల్లో అంతా తేల్చేస్తారు. తేలకపోతే జనవరి 1న కొత్త కార్డు ఉండనే ఉంది. పాతది ఏమైందని పళ్లెం పట్టుకున్నవారిని అడగడం మర్యాద కాదు కదా.

మా సంఘంలో తోతాపురి మామిడి తోట ఉన్న రైతు ఒకాయన ఉన్నాడు. 2025లో ఆయనకు చేతిపనుల ఆశీర్వాదం వచ్చింది, కార్డులో. ఆ వేసవిలో ధర పడిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అన్నారు. ఆయన ట్రాక్టరు గుజ్జు ఫ్యాక్టరీ ముందు వరుసలో నిలబడింది. కాయ మెత్తబడుతోంది. పరామర్శకు వెళ్లిన మనవాళ్లు ఊరుకుంటారా? "దేవుని సమయం కోసం కనిపెట్టన్నా" అన్నారు. ఒకరైతే విశ్వాసంలో ఎక్కడో లోపం ఉందేమో చూసుకోమన్నారు. ఆయన చెప్పిన జవాబు మీకు కూడా పనికొస్తుంది: "దేవుని సమయం సంగతి నాకు తెలుసు. కాయ సమయం సంగతి ఫ్యాక్టరీవాళ్లకు చెప్పండి."

ఆదివారం మామూలుగానే గుడికి వచ్చాడు. వానలు పడ్డాక, ఎండిపోయిన చెట్ల స్థానంలో అంటుమొక్కలు నాటాడు. మామిడి అంటు చెప్పుకోదగ్గ కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుందని మా జిల్లాలో పిల్లలకు కూడా తెలుసు. బబులోనుకు వెళ్లిన ఉత్తరంలో ఉన్నదీ ఇదే: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి పండ్లు తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి. రెండేళ్లలో సామాను సర్దుకునేవాడు తోట వేయడు. ఇంత చక్కని మాటలు పదకొండో వచనానికి అంత దగ్గర్లో ఉండి కూడా, పాపం, తమరి కంట పడలేదు.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉంది. క్రైస్తవ మిషన్లు కలిసి నడిపిన క్షయ ఆసుపత్రి అక్కడ 1915లో మొదలైంది. క్షయను లొంగదీసే స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో. ఈ మధ్య కాలమంతా మంచం, మంచి గాలి, తిండి, విశ్రాంతి. కొందరు కోలుకున్నారు, కొందరు కోలుకోలేదు. అయినా మందు వచ్చేదాకా ఆసుపత్రి మూసేద్దామని ఎవరూ అనలేదు. అక్కడి రోగులకు మీ గులాబీ పువ్వు బొమ్మ చూపించే ధైర్యం తమరికి ఉండేదా?

ఇంకొక సందేహం. "లోకములో మీకు శ్రమ కలుగును" అన్నది సాక్షాత్తూ యేసు ప్రభువు మాట. అది కూడా వాగ్దానమే, పైగా తప్పకుండా నెరవేరేది. నాకు తెలిసి ఇది ఎవరి చేతికీ రాలేదు. శ్రమ ఓర్పును పుట్టిస్తుందన్న పౌలు మాట కూడా అంతే, అచ్చుకు నోచుకోలేదు. పళ్లెంలోంచి అలాంటిది వస్తే తిరిగి పెట్టేసి ఇంకొకటి తీసుకుంటామని మీకు ముందే తెలుసు కాబోలు. అక్కడ మాత్రం మమ్మల్ని బాగా అర్థం చేసుకున్నారు.

కనుక వచ్చే డిసెంబరులో అచ్చుకు వెళ్లేటప్పుడు పదో వచనం కూడా వేయించుకోండి. చోటు లేదనకండి. మీ వెనుకవైపు పాస్టరు గారూ అమ్మగారూ నిలబడిన ఫొటో, మూడు ఫోను నంబర్లు, కానుకల కోసం క్యూఆర్ కోడు ఉన్నాయి. ఫొటో కొంచెం తగ్గిస్తే డెబ్బై ఏళ్లూ సుఖంగా ఇముడుతాయి.

ఇట్లు,
వరుసలో చివర నిలబడే సభ్యుడు,
చిత్తూరు