తాళాల గుత్తితో ఫిట్స్ ఆగవు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. చిన్న చిన్న ఫిట్స్‌కు మందులు అక్కర్లేదట, వయసొస్తే అవే పోతాయట. వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెడితే ఆగిపోతాయట. నాలుక మింగేయకుండా పళ్ల మధ్య చెంచా పెట్టాలట. మాత్రలు మెదడును మొద్దుబారుస్తాయట. ఈ జబ్బున్న ఆడపిల్లకు పెళ్లి చేయకూడదట. మా అమ్మాయికి ఉన్నవి ఇలాంటి చిన్న ఫిట్సే. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెబుతున్నాను.

ముందు తాళాల సంగతి. చాలా ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. ఎవరో పరిగెత్తి తాళాలు తెచ్చి, బిగుసుకున్న పిడికిలి విప్పి అందులో పెట్టేసరికి ఆగే సమయం ఎలాగూ వస్తుంది. పేరు మాత్రం ఇనుముకు దక్కుతుంది. మెదడు కణాల్లో విద్యుత్తు ఒక్కసారిగా అదుపు తప్పితే వచ్చేవి ఫిట్స్. అరచేతిలోని ఇనుము దాన్నేమీ చేయలేదు.

చెంచా అయితే అసలే ప్రమాదం. నాలుకను ఎవరూ మింగలేరు. కొరుక్కుంటే పుండు పడుతుంది, మానిపోతుంది. చెంచా దూరిస్తే పన్ను విరిగి ఆ ముక్క గొంతులోకి పోవచ్చు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే ఇంకోసారి వచ్చినా 108కి ఫోన్ చేయండి. పూర్తిగా తెలివి వచ్చేదాకా మంచినీళ్లు కూడా పట్టొద్దు.

మందులు అక్కర్లేదన్న మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. పిల్లలకు వచ్చే ఆబ్సెన్స్ ఫిట్స్ (పడిపోకుండానే కొన్ని సెకన్లు తెలివి తప్పేవి) చాలామందికి పెద్దయ్యేసరికి తగ్గిపోతాయి. మరి అప్పటిదాకా? మా అమ్మాయి ఎక్కాలు అప్పజెబుతూ "ఏడు ఆర్లు" దగ్గర ఆగిపోయేది. రెప్పలు సన్నగా కొట్టుకునేవి, చూపు ఎటో ఉండేది. పది సెకన్లయ్యాక "ఏమన్నావమ్మా?" అనేది. తను ఆగినట్టు తనకే తెలీదు. స్కూల్లో పరధ్యానం అనుకున్నారు. మందు లేకపోతే ఇవి రోజుకు పదుల సార్లు రావచ్చు. పాఠం ముక్కలు ముక్కలుగా చెవిన పడుతుంది. రోడ్డు దాటేటప్పుడో, చెరువులో దిగినప్పుడో వస్తే ఆ పది సెకన్లే ప్రాణం మీదికి తెస్తాయి.

పెద్దవాళ్లలో వచ్చే ఫోకల్ ఫిట్స్, అంటే మెదడులో ఒక భాగంలోనే మొదలయ్యేవి, వేరు. మనిషి పడిపోకపోవచ్చు. పెదవులు చప్పరిస్తూ, చొక్కా గుండీలు తడుముకుంటూ ఉంటారు, పిలిస్తే పలకరు. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లేది ఇలాంటివాళ్లనే. మన దేశంలో దీనికి ఒక కారణం బద్దెపురుగు లార్వాలు మెదడులో చేరి తిత్తులు కట్టడం. స్కానింగ్ తీస్తే తెలుస్తుంది, వైద్యం ఉంది. వయసొస్తే పోతుందని కూర్చోవడానికి వీల్లేదు.

సరైన మందు వాడితే 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మాత్ర మర్చిపోవడం, నిద్ర చాలకపోవడం వల్లే చాలామందికి మళ్లీ వస్తాయి. శివరాత్రి జాగారం మా అమ్మాయికి లేదు. అర్ధరాత్రి ముహూర్తం పెళ్లికి వెళ్లినా పదింటికల్లా పడుకోబెడతాం, చుట్టాలు ఏమనుకున్నా సరే. స్నానానికి వెళ్తే లోపల గడియ పెట్టుకోదు. ఈ రెండు మూడు జాగ్రత్తలు తప్ప తన రోజు మిగతా పిల్లల రోజులాగే గడుస్తుంది.

మాత్రలతో కొందరికి మత్తుగా, చిరాకుగా ఉండడం నిజమే. అప్పుడు డాక్టర్‌కు చెబితే డోసు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. అంతేగానీ ఫార్వర్డ్ చదివి మనంతట మనం ఆపేస్తే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా రావచ్చు. అది ప్రాణాంతకం.

ఇక పెళ్లి. హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు మూర్ఛ కూడా పెళ్లికి అడ్డంకిగా ఉండేది. 1999లో చట్టం సవరించి ఆ మాట తీసేశారు. ఈ జబ్బున్న ఆడవాళ్లలో అత్యధికులు ఆరోగ్యమైన బిడ్డల్నే కంటున్నారు. పట్టించుకోవాల్సింది వేరే ఉంది. ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ అనే మందు కడుపులో బిడ్డకు హాని చేయగలదు. అది వాడుతున్నవారు గర్భం అనుకోకముందే న్యూరాలజిస్ట్‌ను కలిసి మందు మార్చడం గురించి, ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ గురించి మాట్లాడాలి. ఆయన చెప్పేదాకా ఉన్న మాత్ర మానకూడదు.